ఒత్తిడి అన్ని వైపులకూ, పెరుగుదల ఒకే వైపుకు

(గుంటూరులో వృక్షశాస్త్ర, వ్యవసాయ విద్యార్థులు, అధ్యాపకులు, రైతులు కలిసి హాజరైన సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

గుంటూరులో నిలబడి కణం పెరుగుదల గురించి మాట్లాడుతూ పత్తితో మొదలుపెట్టకపోతే మీరు నన్ను క్షమించరు. జిన్నింగ్ మిల్లులో గింజ నుంచి విడిపోయిన దూదిలోంచి ఒక్క పోగును వేళ్లతో జాగ్రత్తగా లాగి చూడండి. మన ప్రాంతంలో పండే అమెరికన్ పత్తి రకాల్లో అది సుమారు 3 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఆ పోగు అనేక కణాలు వరుసగా అతుక్కుని ఏర్పడిన దారం కాదు. మొదలు నుంచి కొస దాకా అది ఒకే ఒక్క కణం. దాని మందం మిల్లీమీటరులో వెయ్యోవంతైన మైక్రోమీటర్లలో చెప్పుకుంటే ఇంచుమించు 15 మాత్రమే. అంటే వెడల్పు కన్నా పొడవు రెండు వేల రెట్లు. పువ్వు విచ్చిన రోజున ఇది అండం పైపొరలో మిగతా కణాల మధ్య కూర్చున్న ఒక మామూలు కణం. ఆ రోజే చిన్న బుడిపెలా పైకి ఉబ్బి, మూడు వారాలు తిరిగేసరికి ఈ పొడవుకు చేరుతుంది. పైపొరలోని కణాల్లో సుమారు నాలుగోవంతు ఇలా పోగులుగా మారితే, వాటిని ఆనుకుని ఉన్న కణాలు మాత్రం ఏమీ పట్టనట్లు పైపొరగానే మిగిలిపోతాయి.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్న ప్రశ్న ఇది: ఒక కణం గుండ్రంగా ఉబ్బకుండా ఒకే దిక్కుకు ఎలా పెరుగుతుంది? దీనికి నాకు తెలిసిన జవాబును ముందే చెప్పేస్తాను. కణాన్ని పెంచే బలానికి దిక్కు లేదు. దిక్కు కణం చుట్టూ ఉన్న గోడది. గోడ ఎక్కడ గట్టిగా ఉండాలో, ఎక్కడ సడలాలో నిర్ణయించుకోవడం ద్వారానే కణం తన ఆకారాన్ని నిర్ణయించుకుంటుంది. మిగతా ప్రసంగమంతా ఈ ఒక్క మాటకు ఆధారాలు చూపించడమే.

మొదట బలం సంగతి చూద్దాం. మొక్క కణం లోపల లవణాలు, చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు కరిగి ఉంటాయి కనుక బయటి నీరు ద్రవాభిసరణ వల్ల లోపలికి వస్తుంది. ఆ నీటిలో ఎక్కువ భాగం కణం మధ్యలోని నీటి సంచి అయిన రిక్తికలోకి చేరి కణాన్ని లోపలి నుంచి ఉబ్బిస్తుంది. దీన్ని మన పాఠ్యపుస్తకాలు స్ఫీత పీడనం అంటాయి. పెరుగుతున్న మొక్క కణంలో ఇది సాధారణంగా 0.3 నుంచి 1 మెగాపాస్కల్ వరకు ఉంటుంది. మీరు వచ్చిన కారు టైరులో ఉన్న గాలి ఒత్తిడి సుమారు 0.2 మెగాపాస్కల్. ద్రవంలోని ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పనిచేస్తుందని పాస్కల్ సూత్రం. గాలి కొట్టిన సైకిల్ ట్యూబుకు కూడా ఒక దిక్కంటూ ఉండదు. టైరు ఎక్కడ చీలితే ట్యూబు అక్కడ బుడగలా బయటకు పొడుచుకొస్తుంది. ఆ బుడగ దిక్కును నిర్ణయించింది గాలి కాదు, టైరులోని చీలిక.

అయితే కణం తన గోడను చీల్చుకోదు, సడలించుకుంటుంది. 1965లో జేమ్స్ లాక్‌హార్ట్ దీన్ని చిన్న సమీకరణంగా రాశాడు. ఒత్తిడి ఒక స్థాయిని దాటిన తరువాతే గోడ సాగడం మొదలవుతుంది. ఆపైన ఎంత వేగంగా సాగుతుందనేది, ఆ స్థాయికి మించిన ఒత్తిడి మీద, గోడకు ఉన్న సాగే గుణం మీద ఆధారపడుతుంది. ఈ సాగే గుణాన్ని మార్చే ప్రోటీన్లను 1992లో డేనియల్ కాస్‌గ్రోవ్ బృందం దోస మొలకల కాండాల నుంచి వేరుచేసింది. వాటి పేరు ఎక్స్‌పాన్సిన్లు. పెరుగుదల హార్మోనైన ఆక్సిన్ ప్రభావం వల్ల కణం ప్రోటాన్లను బయటకు పంపినప్పుడు గోడ కొద్దిగా ఆమ్లయుతం అవుతుంది. ఆ ఆమ్లతలో ఎక్స్‌పాన్సిన్లు చురుకై, గోడలోని పోగుల మధ్య పట్టును సడలిస్తాయి. అవి ఏ బంధాన్నీ కోయవు, పట్టు జారేలా చేస్తాయంతే.

ఇంతవరకు చెప్పింది పెరుగుదల గురించి మాత్రమే. ఆకారం గురించి కాదు. ఆకారం కోసం గోడలోని సెల్యులోజ్ అమరికను చూడాలి. సెల్యులోజ్ సూక్ష్మతంతువు మందం సుమారు 3 నానోమీటర్లు. లాగడాన్ని అది బలంగా ఎదిరిస్తుంది, కానీ పక్కపక్కన ఉన్న రెండు తంతువులు ఒకదాని నుంచి ఒకటి ఎడం కావడం అంత కష్టం కాదు. ఇక్కడ ఒక యాంత్రిక విషయం గమనించాలి. గొట్టం ఆకారంలో ఉన్న పాత్రలో ఒత్తిడి పెంచితే, దాని గోడలో చుట్టుకొలత వెంట పడే లాగుడు పొడవు వెంట పడే లాగుడుకు సరిగ్గా రెట్టింపు ఉంటుంది. కాబట్టి అన్ని వైపులా సమానంగా సాగే గోడ ఉన్న గొట్టం పొడవు పెరగడానికి ముందే లావెక్కాలి. మొక్కల్లో పొడవుగా పెరిగే కణాలు ఇందుకు విరుద్ధంగా నడుస్తున్నాయంటే, వాటి నడుము చుట్టూ సెల్యులోజ్ తంతువులు అడ్డంగా చుట్టుకుని లావెక్కకుండా పట్టి ఉంచుతున్నాయన్న మాట. అడ్డంగా బిగుతు ఉన్నప్పుడు నిలువుగా పెరగడం తప్ప కణానికి మరో దారి లేదు.

మరి ఆ తంతువులను అడ్డంగా చుట్టేదెవరు? ఈ ప్రశ్నకు సమాధానం దొరికిన తీరు నాకు చాలా ఇష్టం, అందుకని ఇక్కడ కొంచెం నిదానిస్తాను. పాల్ గ్రీన్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు నైటెల్లా అనే మంచినీటి శైవలం మీద పనిచేశాడు. దాని ఒక్కో కణం కొన్ని సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది కనుక చేతితో పట్టుకుని ప్రయోగం చేయవచ్చు. ఆ కణాన్ని కాల్చిసిన్ ద్రావణంలో ఉంచితే పెరగడం ఆగలేదు గానీ పొడవుగా పెరగడం ఆగిపోయి, కణం అన్ని వైపులకూ ఉబ్బడం మొదలుపెట్టింది. కొత్తగా పడుతున్న సెల్యులోజ్ కూడా అడ్డంగా కాకుండా అస్తవ్యస్తంగా పడింది. కాల్చిసిన్ మనకు తెలియనిది కాదు. అడవినాభి దుంపలోని విషం అదే. అది విభజన చెందే కణంలో క్రోమోజోములను రెండు వైపులకు లాగే కండె పోగులను విడగొడుతుందని అప్పటికే అందరికీ తెలుసు. గ్రీన్ 1962లో ఈ రెంటినీ కలిపి ఆలోచించి, కండె పోగుల వంటి ప్రోటీన్ పోగులే కణత్వచం కింద ఉండి సెల్యులోజ్‌కు దిక్కు చూపిస్తూ ఉండాలని రాశాడు. అలాంటివి అక్కడ ఉన్నట్లు అప్పటికి ఎవరూ చూడలేదు. మరుసటి సంవత్సరమే, 1963లో, హార్వర్డ్‌లో మైరన్ లెడ్‌బెటర్, కీత్ పోర్టర్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద వేరు కొసల కణాలను పరిశీలించి, గోడకు ఆనుకుని సెల్యులోజ్‌కు సమాంతరంగా ఉన్న సన్నని గొట్టాలను చూశారు. నేటి సూక్ష్మనాళికలు అవే.

ఆ తరువాత నలభై ఏళ్ల పాటు ఈ వాదం పరోక్ష సాక్ష్యాల మీదే నిలబడింది. 2006లో స్టాన్‌ఫర్డ్‌లోని కార్నెగీ సంస్థలో అలెక్స్ పారెడెజ్, క్రిస్ సోమర్‌విల్, డేవిడ్ ఎర్‌హార్ట్ బతికి ఉన్న కణంలోనే ఈ విషయాన్ని కళ్లారా చూశారు. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొలకలో సెల్యులోజ్‌ను తయారుచేసే ఎంజైమ్ సముదాయానికి ఒక రంగు వెలుగును, సూక్ష్మనాళికలకు మరో రంగు వెలుగును అమర్చితే, ఆ ఎంజైమ్‌లు కణత్వచంలో నాళికల దారి వెంబడే నిమిషానికి సుమారు 300 నానోమీటర్ల వేగంతో కదులుతూ వెనుక సెల్యులోజ్ పోగును వదులుతూ పోయాయి.

మన విద్యార్థులు పరీక్షలో రాసేది ఇక్కడితో ఆగిపోతుంది. కానీ ఈ కథ అంత నున్నగా లేదు. సూక్ష్మనాళికలను మందుతో తొలగించినా ఆ ఎంజైమ్‌లు కదలడం ఆగదు, చాలాచోట్ల తిన్నగానే పోతాయి. వేడి పెంచితే సూక్ష్మనాళికలు చెదిరిపోయే ఒక అరబిడాప్సిస్ ఉత్పరివర్తకం, అంటే జన్యువు మారిన మొక్క, ఉంది; దాని వేరు కణాల్లో సెల్యులోజ్ అడ్డంగానే ఉన్నప్పటికీ కణాలు ఉబ్బిపోయాయి. కాబట్టి తంతువులు ఏ దిక్కున ఉన్నాయన్నది ఒక్కటే సరిపోదు. అవి ఎంత పొడవున్నాయి, ఒకదానితో ఒకటి ఎంత బాగా అల్లుకున్నాయి అన్నది కూడా లెక్కలోకి రావాలి. గోడ బిగుతే దిక్కును నిర్ణయిస్తుందన్న అసలు మాట దీనివల్ల దెబ్బతినదు. ఆ బిగుతు ఎలా వస్తుందన్న వివరణే ఇంకా జటిలమవుతుంది.

సభలో ఉన్న రైతులు ఈ ప్రయోగాన్ని తమకు తెలియకుండానే ఏటా చేస్తున్నారు. పత్తి విత్తిన వెంటనే, కలుపు మొలవక ముందు నేల మీద పిచికారీ చేసే పెండిమిథాలిన్ సరిగ్గా ఈ సూక్ష్మనాళికలనే దెబ్బకొట్టే మందు. నాళికలు ఏర్పడాలంటే ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ అణువులు ఒకదానికొకటి చేరాలి. ఈ మందు ఆ చేరికను అడ్డుకుంటుంది. దాంతో కండె పోగులు లేక కణవిభజన నిలిచిపోతుంది, అడ్డపట్టు లేక కణాలు గుండ్రంగా ఉబ్బుతాయి. మందు చల్లిన నేలలో మొలవబోయి ఆగిన గడ్డి కలుపును పీకి చూడండి, వేరు కొస సన్నగా దిగకుండా గదలా లావెక్కి కనిపిస్తుంది. గ్రీన్ నైటెల్లాలో చూసింది, మీరు మీ చేలో చూసేది ఒకే సంగతి. పత్తి గింజ మందు పొర కన్నా కిందికి పడి ఉండడం అది తప్పించుకోవడానికి ఒక కారణం. అందుకే విత్తనం మరీ పైపైన పడితే పత్తి మొలకకు కూడా దెబ్బ తగలవచ్చు.

మొక్క తనంతట తానే ఈ దిక్కును మార్చుకునే సందర్భాలు కూడా ఉన్నాయి. వాన కురిసి పైపొర గట్టిపడిన నేల కింద మొలకకు అడ్డు తగిలితే అందులో ఎథిలీన్ అనే వాయు హార్మోను పేరుకుంటుంది. ఎథిలీన్ వల్ల కాండం కణాల్లో అడ్డంగా ఉన్న సూక్ష్మనాళికలు నిలువుకు తిరుగుతాయి. కాండం పొడవు తగ్గి లావెక్కి, నేలను తోసుకుని రావడానికి తగిన బలం తెచ్చుకుంటుంది. 1901లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ద్మిత్రి నెల్యుబోవ్, ప్రయోగశాలలో బఠానీ మొలకలు పొట్టిగా, లావుగా, వంకరగా పెరగడానికి దీపపు గ్యాసులోని ఎథిలీన్ కారణమని కనుక్కున్నాడు.

ఇప్పుడు పత్తి పోగు దగ్గరికి వద్దాం. పూత విచ్చిన రోజు నుంచి సుమారు మూడు వారాలు అది పొడవు పెరిగే కాలం. ఆ దశలో దాని నడుము చుట్టూ సూక్ష్మనాళికలూ సెల్యులోజూ అడ్డంగా ఉంటాయి. ఒత్తిడిని నిలబెట్టడానికి అది పొటాషియంను, మాలిక్ ఆమ్లాన్ని, చక్కెరలను పోగుచేసుకుంటుంది. పదో రోజు ప్రాంతంలో పక్క కణాలతో తనను కలిపే ప్లాస్మోడెస్మేటా అనే సన్నని దారులను తాత్కాలికంగా మూసుకుంటుంది. దారులు మూసుకుంటే లోపలి లవణం, చక్కెర పక్కవాటిలోకి జారిపోవు, ఒత్తిడి నిలుస్తుంది. పూత తరువాతి ఈ మూడు వారాల్లో నేలలో తేమ తగ్గినా, పొటాష్ కొరవడినా పింజ పొట్టిగా రావడానికి కారణం ఇదే: గోడ సాగడానికి సిద్ధంగా ఉంటుంది, సాగదీసే ఒత్తిడి చాలదు. కాయ పగిలే ముందు వేసిన పొటాష్ పింజ పొడవును పెంచదు. పొడవు ఖరారయ్యే కాలం అప్పటికే దాటిపోయి ఉంటుంది. మార్కెట్లో పింజ పొడవు దగ్గర జరిగే వాదన నిజానికి రెండు నెలల కింద చేలో ముగిసిన వ్యవహారం.

పొడవు పెరగడం నెమ్మదించే దశలో పోగు మరో పని మొదలుపెడుతుంది. సూక్ష్మనాళికలు ఏటవాలుకు తిరుగుతాయి, సెల్యులోజ్ మరచుట్టులా పొరలు పొరలుగా లోపలి వైపు పడుతుంది, మధ్యమధ్యలో ఆ చుట్టు దిశ మారుతూ ఉంటుంది. చివరికి ఎండిన పోగు బరువులో 90 శాతానికి పైగా సెల్యులోజే. కాయ పగిలి పోగు ఆరినప్పుడు బోలుగా ఉన్న గొట్టం చదునైపోయి, మరచుట్టు అమరిక వల్ల మెలికలు పడుతుంది. ఆ మెలికలు ఉన్నందువల్లే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని నూలుగా వడకబడతాయి.

నడుము బిగించి ఒళ్లంతా సాగడం ఒక పద్ధతి. కొసను మాత్రమే సాగనిచ్చి మిగతా గోడను గట్టిపరచడం రెండో పద్ధతి. మూలకేశాలు, పరాగనాళాలు, శిలీంధ్ర తంతువులు ఈ రెండో తెగకు చెందినవి. డెల్టాలో వరి మాగాణిలో వేసే మొక్కజొన్నను తీసుకోండి. పీచు కొస మీద పడిన పుప్పొడి రేణువు నుంచి బయలుదేరిన పరాగనాళం, ఒక్కోసారి 30 సెంటీమీటర్ల వరకు ఉండే ఆ పీచు లోపలి నుంచి అండం దాకా ప్రయాణించాలి. అది గంటకు ఒక సెంటీమీటరు దాకా పెరగగలదు. నాళం కొసకు ఎప్పటికప్పుడు చిన్న చిన్న తిత్తులు చేరి, గోడను కట్టే జిగురు వంటి పదార్థమైన పెక్టిన్‌ను మెత్తటి రూపంలో విడుదల చేస్తాయి. కొస ముందుకు జరిగే కొద్దీ వెనుకపడిన పెక్టిన్ నుంచి ఒక ఎంజైమ్ మిథైల్ సమూహాలను తొలగిస్తుంది, అక్కడికి కాల్షియం చేరి పెక్టిన్ గొలుసులను ఒకదానికొకటి బిగిస్తుంది. ఈ విధంగా మెత్తటి గోడ ఎప్పుడూ కొసలోనే ఉంటుంది. నాళం పొడవవుతున్న కొద్దీ వెనుక భాగాన్ని కాలోజ్ అనే పదార్థపు అడ్డుగోడలతో మూసివేస్తూ, జీవద్రవ్యాన్నంతా ముందు భాగంలోనే ఉంచుకుంటుంది.

నా వాదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇక్కడే ఉంది. 1997లో లిల్లీ పరాగనాళాల లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచారు. అది ఒక నాళంలో 0.1 మెగాపాస్కల్ ఉంటే మరో నాళంలో 0.4 ఉంది, కానీ ఎక్కువ ఒత్తిడి ఉన్న నాళం ఎక్కువ వేగంగా పెరగలేదు. వేగాన్ని నిర్ణయిస్తున్నది లోపలి తోపు అయితే ఇలా జరగకూడదు.

సరే, కొస ఎక్కడ ఉండాలో కణానికి ఎలా తెలుస్తుంది? దీన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఈస్టులను ఆశ్రయించారు. కణత్వచం లోపలి వైపున సీడీసీ42 అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. మొక్కల్లో దీని బంధువుల పేరు రాప్‌లు. ఇది చురుకైన రూపానికీ నిద్రాణ రూపానికీ మధ్య మారుతూ ఉంటుంది. ఒకచోట కొద్దిగా చురుకైతే, తనను చురుకు చేసే ప్రోటీన్లనే మరికొన్నింటిని అక్కడికి లాక్కుంటుంది. దాంతో అక్కడ ఇంకా ఎక్కువ చురుకవుతుంది. కానీ కణంలో ఈ సరుకు పరిమితం కనుక ఒక మచ్చ పెరిగితే మిగతా మచ్చలు కరిగిపోతాయి. మొదట ఎక్కడా తేడా లేని త్వచం మీద ఒకే ఒక్క మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ దగ్గరికే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు తిత్తులను మోసుకొస్తాయి, గోడ అక్కడే మెత్తబడుతుంది. బయటి నుంచి వెలుగో, రసాయనమో, పక్క కణం స్పర్శో కొంచెం మొగ్గు చూపిస్తే మచ్చ ఆ వైపు స్థిరపడుతుంది. ఏదీ లేకపోయినా కణం తనంతట తాను ఒక వైపును ఎంచుకోగలదు.

షైజోసాకరోమైసిస్ పాంబే అనే ఈస్టు కణం కడ్డీలా ఉంటుంది. వెడల్పు 4 మైక్రోమీటర్ల లోపు, విభజనకు ముందు పొడవు సుమారు 14. విభజన తరువాత అది మొదట పాత కొస వైపే పెరుగుతుంది, కొంతసేపటికి కొత్త కొస వైపు కూడా పెరగడం మొదలుపెడుతుంది. ఈ మార్పును 1985లో మిచిసన్, పాల్ నర్స్ వివరించారు. టీ1 అనే ప్రోటీన్ సూక్ష్మనాళికల కొసలను పట్టుకుని కణం రెండు చివరలకూ చేరి, ఇదీ కొస అని గుర్తు పెడుతుందని 1997లో నర్స్ ప్రయోగశాల చూపించింది. ఆ ప్రోటీన్ లేని కణాలు వంకరపోతాయి, కొన్నయితే పక్క నుంచి మూడో కొమ్మ తీసి ఇంగ్లీషు టి అక్షరంలా తయారవుతాయి. జంతు కణాలకు గోడ లేదు కనుక అక్కడ తోపును ఎక్కువగా ఆక్టినే ఇస్తుంది. కానీ నాడీకణం తన పొడవాటి తంతువు ఎటు పెరగాలో నిర్ణయించుకునేటప్పుడు కూడా ఇదే సీడీసీ42 పనిలో ఉంటుంది.

చివరగా మన వరికి సంబంధించిన ఒక ఉదాహరణ. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, తినడానికి ఎంత మంచిదో అగ్గి తెగులుకు అంత సులువుగా లొంగుతుంది. చలి రాత్రుల్లో మంచు పడి ఆకు తడిగా ఉన్నప్పుడు ఈ తెగులు కలిగించే శిలీంధ్రపు సిద్ధబీజం ఆకు మీద అంటుకుని మొలకెత్తి, కొసన ఒక గుండ్రటి బుడిపెను తయారుచేస్తుంది. దాని గోడ లోపల మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థపు పొర ఏర్పడుతుంది. ఆ పొర గుండా నీరు లోపలికి వస్తుంది గానీ లోపల పేరుకున్న గ్లిసరాల్ బయటికి పోలేదు. దాంతో ఒత్తిడి 8 మెగాపాస్కళ్ల దాకా పెరుగుతుందని 1991లో కొలిచారు. ఇది మీ కారు టైరులోని ఒత్తిడికి 40 రెట్లు. ఈ ఒత్తిడి కూడా అన్ని వైపులకూ సమానమే. కానీ బుడిపె అడుగున ఆకుకు ఆనిన చోట మెలనిన్ లేని ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ సెప్టిన్ ప్రోటీన్లు ఉంగరంలా చేరి ఆక్టిన్‌ను కూడగట్టడం వల్ల, ఆ ఒక్క చోటి నుంచే సన్నని మేకు వంటి తంతువు పుట్టి ఆకు పైపొరను చీల్చుకుని లోపలికి దిగుతుంది. మెలనిన్ తయారుచేయలేని ఉత్పరివర్తక శిలీంధ్రాలు మొలకెత్తుతాయి, బుడిపెనూ కడతాయి, కానీ గాయం లేని ఆకులోకి చొరబడలేవు.

మన రైతులు వాడే ట్రైసైక్లజోల్ పనిచేసేది ఇక్కడే. అది శిలీంధ్రాన్ని నేరుగా చంపే మందు కాదు, మెలనిన్ తయారీని ఆపే మందు. మెలనిన్ లేని బుడిపెలో గ్లిసరాల్ నిలవదు, ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. ఒకసారి తంతువు ఆకు లోపలికి దిగిన తరువాత దానికి ఆ బుడిపెతోగానీ మెలనిన్‌తోగానీ పనిలేదు. కాబట్టి అప్పటికే పడిన మచ్చలను ఈ మందు మాన్పలేదు. వాటి నుంచి లేచిన కొత్త సిద్ధబీజాలు పక్క ఆకుల్లోకి, మెడ విరుపు కలిగిస్తూ వెన్నులోకి దిగకుండా మాత్రమే ఆపగలదు. ఎప్పుడు పిచికారీ చేయాలన్న ప్రశ్నకు సమాధానం ఈ కారణం నుంచే వస్తుంది. ఇక మీ ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.